బిడ్డ కాగితంలో తండ్రి పేరు

జుమా నమాజు ముగుస్తుంది. జనం చెప్పులు తొడుక్కుని బజారు దారి పడతారు. ఒక పెద్దాయన మాత్రం మస్జిదు మెట్ల దగ్గరే నిలబడి ఉంటాడు. ఇమాము గారు బయటికి రాగానే సలాము చెప్పి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చేతికిస్తాడు. "హజ్రత్, ఇది మా మనవడి పుట్టిన కాగితం. కువైట్ నుంచి తెచ్చినారు. అంతా అరబీలో ఉంది. బడిలో చేర్చబోతే తండ్రి పేరు కలవడం లేదంటున్నారు. కొంచెం చదివి చెప్పండి" అంటాడు. ఇమాము గారు చదువుతారు. బిడ్డ పేరు సరిగానే ఉంది. తల్లి పేరు ఫరవాలేదు. తండ్రి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన వేలు ఆగిపోతుంది.

గల్ఫ్ దారి ఎరిగిన ఏ ఊరికైనా ఈ దృశ్యం కొత్తది కాదు. శింగనమల వంటి ఊళ్లలో దీని వెనుక ఉన్న బాధ మరీ ఎక్కువ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అనంతపురం. ఆ వానైనా సమయానికి పడదు. శింగనమల పెద్ద చెరువు నిండిన ఏడు ఆయకట్టు కింద వరి పచ్చగా కనిపిస్తుంది. నిండని ఏడు మెట్ట చేలలో బుడ్డల పంట ఊడలు దిగకముందే వాడిపోతుంది. సేద్యాన్ని నమ్ముకోలేని కుటుంబాలు కొన్ని బెంగళూరు రైలెక్కుతాయి. కడప, రాయచోటి ప్రాంతాల నుండి వెళ్లినంతమంది కాకపోయినా, మన పల్లెల నుండి కూడా డ్రైవర్లుగా, వంటవారుగా, ఇంటి పనివారుగా గల్ఫ్ దేశాలకు వెళ్లినవారున్నారు. వారిలో కొందరు భార్యను తీసుకువెళ్లి అక్కడే కాపురం పెడతారు. అక్కడే పిల్లలు పుడతారు. ఆ పిల్లల వెంట వచ్చే మొట్టమొదటి కాగితమే ఈ జనన ధృవపత్రం. అందులో తండ్రి పేరు తప్పుగా పడితే, ఆ తప్పు బిడ్డతో పాటు పెరుగుతూ పోతుంది.

దీన్ని చిన్న విషయంగా భావించేవారు మనలో చాలామంది ఉన్నారు. "పేరుదేముంది, అక్షరం అటూ ఇటూ అయితే ఏమవుతుంది" అని సరిపెట్టుకుంటారు. ఇటు షరీఅత్ దృష్టితో చూసినా, అటు చట్టం దృష్టితో చూసినా ఇది చిన్న విషయం కాదని మనవి చేయడమే ఈ వ్యాస ఉద్దేశం.

పేరు ఎలా మారిపోతుంది?

ముందుగా తప్పు ఎలా జరుగుతుందో చూద్దాం. మన పేర్లు తెలుగులో పలుకుతాం, ఇంగ్లీషులో రాసుకుంటాం. అక్కడి గుమాస్తా ఆ ఇంగ్లీషును చూసి అరబీలోకి మారుస్తాడు. మరొకరు ఆ అరబీని చూసి మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పుతారు. మూడు భాషల గుండా మూడు మలుపులు తిరిగిన పేరు బయలుదేరిన చోటికే తిరిగి రావడం కష్టం.

అరబీలో 'ప' లేదు, 'చ' లేదు. అందువల్ల పఠాన్ అనే ఇంటిపేరు బతాన్ అవుతుంది. చాంద్ అనే పేరు షాంద్ కావచ్చు. మనవాళ్లు ఖాదర్, ఖాసిం అని రాసుకునే పేర్లు అరబీలో 'ఖాఫ్' అక్షరంతో మొదలవుతాయి. కాని ఇంగ్లీషులో మనం 'కె, హెచ్' వేసి రాస్తాం. ఆ రెండక్షరాలను చూసిన అరబ్బు గుమాస్తా దాన్ని 'ఖే' అక్షరంగా చదువుకుంటాడు. పేరుకు మూలం అరబీయే అయినా, అరబీలోకి తిరిగి వెళ్లేసరికి అది వేరే మాటగా మారిపోతుంది! హుసేన్ అనే పేరును పల్లెల్లో ఉసేన్ అంటాం. బడి రిజిస్టరులో అయ్యవారు వినబడినట్టే రాసుకుంటారు. అదే పాస్‌పోర్టులోకి ఎక్కుతుంది.

పల్లె పేర్ల సంగతి మరొకటి. మన ప్రాంతంలో దస్తగిరి, మస్తాన్, మాబు, ఫకీరప్ప వంటి పేర్లు ఉన్నాయి. నార్పల మండలంలోని గూగూడు పీర్ల పేరిట కుళ్ళాయప్ప అని పేరు పెట్టుకున్నవారు హిందువుల్లోనూ ఉన్నారు, ముస్లిముల్లోనూ ఉన్నారు. ఊళ్లో ఈ పేరు పలకడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. కాని 'ళ్ళా' అనే శబ్దం ఎరుగని గుమాస్తా చేతిలో ఆ పేరు ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పైగా ఒకే మనిషి రేషను కార్డులో మాబు, ఓటరు జాబితాలో మాబు సాహెబు, పట్టా పుస్తకంలో మహబూబ్ బాషా అయి ఉంటాడు. ముగ్గురూ ఒక్కరేనని ఊరందరికీ తెలుసు. కాని ఊరి జ్ఞాపకం సముద్రం దాటి వెళ్లదు. కాగితం మాత్రమే దాటుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంటిపేరుతో వస్తుంది. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అనేవి మనకు ఇంటిపేర్లు. అరబ్బుల పద్ధతి వేరు. అక్కడ ముందు సొంత పేరు, ఆ తర్వాత తండ్రి పేరు, ఆ తర్వాత తాత పేరు, చివర వంశం పేరు. ఉదాహరణకు షేక్ మహబూబ్ బాషా అనే పేరును ఆ పద్ధతిలో చదివితే ఏమవుతుంది? మనిషి పేరు షేక్, తండ్రి పేరు మహబూబ్, తాత పేరు బాషా అని అర్థం వస్తుంది. లేదా 'షేక్' అనేది గౌరవ బిరుదు అనుకుని గుమాస్తా దాన్ని వదిలివేయవచ్చు. ఇక మొహమ్మద్ అనే పేరును 'ఎం, డి' అని, షేక్‌ను 'ఎస్, కె' అని కుదించి రాసే అలవాటు మనకు ఉండనే ఉంది. ఆ పొట్టి అక్షరాలు అక్కడ ఎవరికీ అర్థం కావు. వాటిని ఉన్నవి ఉన్నట్టే ఎక్కిస్తారు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన పాత పాస్‌పోర్టుల బాధ ఇంకొకటి. 2022 నవంబరులో యుఏఈ ప్రభుత్వం ఒకే మాటతో ఉన్న పేర్లకు సందర్శక వీసాల విషయంలో అడ్డు చెప్పినప్పుడు ఈ లోపం ఎంతమందిని ఆపగలదో అందరికీ తెలిసివచ్చింది.

వీటిలో ఏ ఒక్కటీ ఎవరో కావాలని చేసిన ద్రోహం కాదు. అలవాట్లు వేరు, లిపులు వేరు. కాని ఫలితాన్ని అనుభవించేది మాత్రం అభం శుభం తెలియని పసిబిడ్డ.

ఇస్లాం ఏమంటుంది?

బిడ్డను తండ్రి పేరుతోనే పిలవాలన్నది కేవలం సంప్రదాయం కాదు. అది దివ్య ఖుర్ఆన్ ఆదేశం. అహ్‌జాబ్ సూరా 5వ ఆయత్ ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఈ ఆదేశం వెనుక ఉన్న చరిత్రను ప్రతి ముస్లిం తల్లీ తండ్రీ తెలుసుకోవాలి.

హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) చిన్నతనంలో దోపిడీ మూకల చేతికి చిక్కి, ఉకాజ్ సంతలో బానిసగా అమ్ముడుపోయారు. హజ్రత్ ఖదీజా (రజి) ద్వారా ఆయన దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంటికి చేరారు. కొంతకాలానికి కొడుకు జాడ తెలుసుకుని తండ్రి హారిసా మక్కాకు వచ్చాడు. ఎంత సొమ్మయినా ఇచ్చి విడిపించుకుంటానన్నాడు. ప్రవక్త (స) నిర్ణయాన్ని జైద్‌కే వదిలిపెట్టారు. జైద్ ప్రవక్త (స) వద్దనే ఉండిపోతానన్నారు. అప్పుడు ఆయన్ను విముక్తుణ్ణి చేసి కుమారునిగా ప్రకటించారు. ప్రజలు ఆయన్ను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలవసాగారు. ఒక మనిషికి ఇంతకు మించిన గౌరవం ఏముంటుంది? అయినా ఆయత్ అవతరించిన తర్వాత ఆ పేరు మారిపోయింది. ఆయన మళ్లీ జైద్ బిన్ హారిసా అయ్యారు. లోకంలో అత్యుత్తముని పేరు అయినా సరే, కన్నతండ్రి పేరుకు బదులు నిలవకూడదన్నమాట. దీనివల్ల జైద్ (రజి) గౌరవం ఏమాత్రం తగ్గలేదు. సహాబీలలో పేరుతో సహా ఖుర్ఆన్‌లో ప్రస్తావించబడిన భాగ్యం ఆయనకు మాత్రమే దక్కింది.

అదే ఆయత్‌లో మరో రెండు మాటలు ఉన్నాయి. అవి నేటి మన సమస్యకు సూటిగా వర్తిస్తాయి. తండ్రి ఎవరో తెలియనివారిని ధర్మంలో సోదరులుగా, మిత్రులుగా భావించమన్నది మొదటిది. పొరపాటున జరిగిన దానికి పాపం లేదని, మనసు పెట్టి కావాలని చేసినదానికే పాపమని చెప్పినది రెండవది. ఈ రెండవ మాటను మనం జాగ్రత్తగా గుండెకు పట్టించుకోవాలి. గుమాస్తా అక్షరం తప్పు రాస్తే తల్లిదండ్రులకు పాపం అంటదు. కాని తప్పు అని తెలిసిన తర్వాత కూడా దిద్దకుండా ఊరుకుంటే? లేక మనమే కావాలని తప్పు రాయిస్తే?

మనలో కొందరు కావాలనే తప్పు రాయిస్తున్నారన్నది చేదు నిజం. అన్న కొడుకును తన కొడుకుగా రాయించి వీసా తీయించేవారున్నారు. పిల్లలు లేరని తోబుట్టువు బిడ్డను తెచ్చి పెంచుకుంటూ, కాగితాల్లో తామే కన్నవారమని నమోదు చేయించేవారున్నారు. దిక్కులేని బిడ్డను పెంచడం మహాపుణ్యం. అనాథను చేరదీసినవానికి స్వర్గంలో తన సమీపంలో స్థానం ఉంటుందని ప్రవక్త (స) శుభవార్త చెప్పారు. కాని పెంచడం వేరు, కన్నతండ్రి పేరు చెరిపివేయడం వేరు. తెలిసి తెలిసి తండ్రి కానివానిని తండ్రిగా చెప్పుకోవడాన్ని ప్రవక్త (స) ఎంత తీవ్రంగా హెచ్చరించారో బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో చూడవచ్చు. వంశం మారితే వారసత్వం మారుతుంది. ఎవరితో నికాహ్ ధర్మసమ్మతం, ఎవరితో నిషిద్ధం అన్నది కూడా అయోమయంలో పడుతుంది. ఈ రోజు వీసా కోసం రాసిన ఒక అబద్ధం ఇరవై ఏళ్ల తర్వాత ఆస్తి పంపకంలోనో, పెళ్లి చూపుల్లోనో ముందుకు వచ్చి నిలుస్తుంది.

చట్టం ఏమంటుంది?

ఇక లోకవ్యవహారం చూద్దాం. గల్ఫ్ దేశాలలో పుట్టినంత మాత్రాన బిడ్డకు ఆ దేశపు పౌరసత్వం రాదు. ఆ బిడ్డకు దేశం ఏదైనా ఉందంటే అది మన దేశమే. అది కూడా తల్లిదండ్రుల ద్వారానే సంక్రమించాలి. 1955 నాటి మన పౌరసత్వ చట్టం ప్రకారం 1992 డిసెంబరు 10కి ముందు విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైతేనే భారత పౌరసత్వం. ఆ తేదీ నుండి తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు భారతీయులైనా చాలునని సవరణ తెచ్చారు. 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టినవారి విషయంలో మరో షరతు చేరింది. పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో ఆ జననాన్ని నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

దీని అర్థం ఏమిటి? స్థానిక జనన పత్రంలో తండ్రి పేరు ఒకటి, తండ్రి పాస్‌పోర్టులో మరొకటి ఉంటే రాయబార కార్యాలయంలో నమోదు ఆగిపోతుంది. దిద్దించడంలో నెలలు గడిచిపోతే ఏడాది గడువు దాటిపోతుంది. బిడ్డకు పాస్‌పోర్టు రాదు, నివాస కార్డు రాదు. 2017 జూలై నుండి సౌదీ ప్రభుత్వం కుటుంబ సభ్యులపై తలకు నెలకు వంద రియాళ్ల చొప్పున రుసుము విధించి, ఏటేటా పెంచుతూ 2020 నాటికి నాలుగు వందలు చేసింది. ఆ భారం మోయలేక భార్యాబిడ్డలను ఇంటికి పంపినవారు ఎందరో. కువైట్ ప్రభుత్వం 2018లో, మళ్లీ 2024లో అక్రమ నివాసులకు క్షమాభిక్ష గడువులు ప్రకటించింది. ఇలాంటి సమయాల్లో హడావిడిగా ఇల్లు చేరాలనుకున్న కుటుంబానికి బిడ్డ కాగితంలోని తప్పే అడ్డుగోడ అవుతుంది.

ఇంటికి చేరినా సమస్య తీరదు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ తేదీ నుండి పుట్టిన పిల్లలకు బడి చేరిక, ఆధార్, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, వివాహ నమోదు వంటి వాటన్నిటికీ జనన పత్రమే ఆధారం. ఇకమీద పుట్టుక కాగితాన్ని మించిన కాగితం లేదన్నమాట.

ఇంకొక సంగతి కూడా మరువరాదు. అస్సాంలో 2019 ఆగస్టు 31న ప్రకటించిన పౌర జాబితాలో సుమారు 19 లక్షల మందికి చోటు దక్కలేదు. తాము ఫలానా తండ్రి బిడ్డలమని పాత కాగితాలతో నిరూపించుకోవడం అక్కడ ముఖ్యమైన షరతు. తండ్రి పేరులో అక్షరాలు కలవక కష్టాలపాలైనవారిలో హిందువులు, ముస్లిములు ఇరువర్గాలవారూ ఉన్నారు. 2025లో బీహారులో ఓటరు జాబితా ప్రత్యేక సవరణ జరిపినప్పుడు, 2003 నాటి జాబితాలో పేరు లేనివారిలో 1987 జూలై తర్వాత పుట్టినవారిని తల్లిదండ్రుల వివరాలు కూడా అడిగారు. భయపడమని ఈ మాటలు రాయడం లేదు. భయం ఏ కాగితాన్నీ దిద్దదు. ముందుచూపు ఉంటే దిద్దుకోవచ్చునని గుర్తు చేయడానికే రాస్తున్నాం.

దిద్దించుకోవడం ఎలా?

ఇందులో ఒకే ఒక సూత్రం ఉంది. తప్పు ఎక్కడ పుట్టిందో దిద్దుబాటు అక్కడే జరగాలి. కువైట్‌లోనో, సౌదీలోనో ఇచ్చిన జనన పత్రాన్ని శింగనమల పంచాయతీ కార్యదర్శి దిద్దలేరు. అనంతపురం కలెక్టరు గారు దిద్దలేరు. అక్కడి భారత రాయబార కార్యాలయం కూడా దిద్దలేదు. ఏ ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని ఆ ప్రభుత్వమే సరిచేయాలి. ఈ సంగతి తెలియక ఇక్కడి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకునేవారు ఎందరో.

మొదట అన్ని కాగితాలూ ఒక చోట పరచి, తప్పు ఏ కాగితంలో ఉందో తేల్చుకోవాలి. తండ్రి పాస్‌పోర్టును కొలబద్దగా పెట్టుకోవాలి. ఒకవేళ తప్పు పాస్‌పోర్టులోనే ఉంటే ముందు దాన్నే సరిచేయించుకోవాలి. పాస్‌పోర్టు సరిగా ఉండి జనన పత్రం తప్పుగా ఉంటే, ఆసుపత్రి ఇచ్చిన పుట్టుక చీటీని తీసి చూడాలి. చాలాసార్లు తప్పు మొదలయ్యేది అక్కడే. చీటీలోనే తప్పు ఉంటే ఆసుపత్రి నుండి సవరణ పత్రం తెచ్చుకోవాలి. చీటీ సరిగా ఉంటే పని సులువు. దాన్నే సాక్ష్యంగా చూపవచ్చు.

తర్వాత ఆ దేశపు జనన నమోదు శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, నివాస కార్డులు, ధృవీకరించిన నికాహ్ పత్రం, ఆసుపత్రి చీటీ దానికి జతచేయాలి. రెండు రకాలుగా రాసిన పేర్లు ఒకే మనిషివని భారత రాయబార కార్యాలయం ధృవపత్రం ఇస్తుంది. అది చాలా ఉపయోగపడుతుంది. అక్షర దోషం వరకైతే దరఖాస్తుతో పని జరగవచ్చు. కాని మనిషే మారిపోయినట్టుంటే, అంటే ఒకరి బదులు మరొకరి పేరు తండ్రిగా పడి ఉంటే, అది వంశ నిర్ధారణ వ్యవహారం. దానికి న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి వస్తుంది. అక్షరం తప్పు ఉన్నప్పుడే దిద్దుకోవడం ఎంత తేలికో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

స్థానిక పత్రం సరి అయ్యాక రాయబార కార్యాలయంలో నమోదును సరిచేయించి, బిడ్డ పాస్‌పోర్టు కొత్తగా తీసుకోవాలి. ఆధార్, బడి రిజిస్టరు వంటివి ఆ తర్వాత. ఈ వరుస తప్పితే ఒక తప్పును సరిచేయబోయి మరో రెండు తప్పులు చేసుకున్నట్టవుతుంది. కొందరు తొందరపడి ముందు ఆధార్‌లో తమకు తోచిన పేరు రాయించేస్తారు. అప్పుడు మూడు కాగితాలు మూడు మాటలు చెబుతాయి.

ఇప్పటికే ఇంటికి తిరిగి వచ్చేసినవారు నిరాశ పడనవసరం లేదు. అక్కడ నమ్మకమైన బంధువు ఎవరైనా ఉంటే వారి పేర పవరాఫ్ అటార్నీ రాసి పంపవచ్చు. దాన్ని రాష్ట్ర ప్రభుత్వం, ఆ తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ ధృవీకరించాలి. ఒమన్, బహ్రెయిన్, 2022 డిసెంబరు నుండి సౌదీ అరేబియా అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి. ఆ దేశాలకు విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు. కువైట్, యుఏఈలకు పంపే కాగితాలపై ఆ దేశాల దౌత్య కార్యాలయ ముద్ర కూడా పడాలి. పని ఎక్కడైనా ఆగిపోతే విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' ఫిర్యాదు విభాగం ఉంది. పేరులోనే సహాయం ఉన్న ఆ ఏర్పాటును ఉపయోగించుకునేవారు మనలో తక్కువ.

విదేశంలో పుట్టిన బిడ్డ జననం అక్కడి మన రాయబార కార్యాలయంలో నమోదు కాకుండానే తల్లిదండ్రులు స్థిరపడే ఉద్దేశంతో తిరిగి వస్తే, జనన మరణాల నమోదు చట్టం 20వ సెక్షను మరో దారి చూపుతోంది. బిడ్డ దేశంలో అడుగుపెట్టిన 60 రోజుల్లోగా ఇక్కడే నమోదు చేయించుకోవచ్చు. గడువు మించితే ఆలస్యపు నమోదు నిబంధనలు వర్తిస్తాయి. అయితే ఇది నమోదుకు సంబంధించినదే. పౌరసత్వానికి పైన చెప్పిన షరతు వేరుగా ఉండనే ఉంది.

మన దేశంలో నమోదైన జననం విషయానికి వస్తే అదే చట్టం 15వ సెక్షను దిద్దుబాటుకు వీలు కల్పిస్తుంది. ఇందులో గమనించదగిన అందమైన ఏర్పాటు ఒకటుంది. పాత రాతను కొట్టివేయరు. పక్కన మార్జినులో సరైన వివరం రాసి, తేదీ వేసి, రిజిస్ట్రారు సంతకం చేస్తారు. తప్పు జరిగిందన్న నిజమూ, దాన్ని సరిదిద్దారన్న నిజమూ రెండూ పుస్తకంలో నిలిచి ఉంటాయి. నిజాయితీగా చేసిన దిద్దుబాటు దేన్నీ దాచదు.

తండ్రి పేరు లేని బిడ్డ

ఇక్కడ మరో మాట చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. రాయలసీమ నుండి ఇంటి పనికి గల్ఫ్ వెళ్లిన స్త్రీలు వేలల్లో ఉన్నారు. వారిలో కొందరు అక్కడ నికాహ్ చేసుకుని, ఆ నికాహ్‌కు సరైన కాగితం లేక, భర్త వదిలేసి వెళ్లిపోతే చంకలో బిడ్డతో తిరిగి వచ్చారు. ఆ బిడ్డ పత్రంలో తండ్రి గడి ఖాళీగా ఉంటుంది. లేదా అసలు పత్రమే ఉండదు. అలాంటి తల్లిని చూసి మన వీధుల్లో వినిపించే మాటలు మనకు తలవంపులు తెచ్చేవి.

తండ్రి తెలియనివారిని సోదరులుగా భావించమన్న ఆయత్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. హజ్రత్ సాలిం (రజి) తండ్రి పేరుతో కాక, అబూ హుజైఫా (రజి) మౌలా సాలింగా గుర్తింపు పొందారు. అలాంటి సాలింను, ఖుర్ఆన్ నేర్చుకోదలచినవారు ఎవరి వద్ద నేర్చుకోవాలో చెబుతూ ప్రవక్త (స) పేర్కొన్న నలుగురిలో ఒకరిగా నిలబెట్టారు. తండ్రి పేరు లేకపోవడం ఆయనకు కొరత కాలేదు. హజ్రత్ ఈసా (అలై)ను ఖుర్ఆన్ మర్యం కుమారునిగానే పిలుస్తుంది. మన దేశపు సుప్రీంకోర్టు కూడా 2015 జూలైలో ఇచ్చిన తీర్పులో, ఒంటరి తల్లి ప్రమాణపత్రం ఇస్తే బిడ్డకు జనన పత్రం నిరాకరించరాదని చెప్పింది. 2016 డిసెంబరు నాటి పాస్‌పోర్టు నిబంధనల సడలింపుతో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇచ్చినా చాలు. చట్టం ఇంత దయ చూపుతుండగా, దయను ధర్మంగా బోధించే సమాజం కఠినంగా ఉండడం శోచనీయం. ఆ తల్లి ఎవరిదో పేరు అరువు తెచ్చి గడి నింపనవసరం లేదు. ఖాళీగా ఉన్న గడి అబద్ధం కంటే మేలు.

మనం చేయవలసింది

ఈ బాధకు మందు చాలావరకు మన చేతుల్లోనే ఉంది. మొదటిది నికాహ్ సమయంలో. ఖాజీ గారి పుస్తకంలో వధూవరుల పేర్లు, వారి తండ్రుల పేర్లు పాస్‌పోర్టులోనో, పదో తరగతి పత్రంలోనో ఉన్నట్టే అక్షరం పోకుండా రాయించాలి. ముద్దుపేర్లు, పిలుపు పేర్లు ఆ పుస్తకంలో వద్దు. ఆ నికాహ్‌ను 2002 నాటి రాష్ట్ర వివాహ నమోదు చట్టం ప్రకారం నమోదు చేయించాలి. గల్ఫ్‌లో బిడ్డ పుట్టుక నమోదుకు మొదట అడిగేది ఆ కాగితమే.

రెండవది అఖీఖా రోజున. బిడ్డకు పేరు పెట్టే ఆ శుభదినాన పదిమంది చేరి భోంచేసి వెళ్లిపోతే చాలదు. అరబీ తెలిసిన హాఫిజ్ గారిని, ఇంగ్లీషు తెలిసిన పిల్లవాణ్ణి ఒకచోట కూర్చోబెట్టి బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు తెలుగు, ఇంగ్లీషు, అరబీ మూడు లిపుల్లో ఒక తెల్ల కాగితంపై రాయించి ఇంట్లో భద్రపరచాలి. ఇక ఎక్కడ ఏ దరఖాస్తు నింపినా అదే చూసి నింపాలి. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు.

మూడవది గల్ఫ్‌లో ఉన్న సోదరులకు. అరబీ రాదని టైపింగ్ సెంటరువాడికి వదిలివేయకండి. సంతకం పెట్టేముందు మీ పేరు, మీ తండ్రి పేరు ఎలా రాశాడో పక్కవారితో చదివించుకుని వినండి. ఆసుపత్రి చీటీ చేతికి వచ్చిన రోజే చూసుకోండి. ఆ రోజు అయిదు నిమిషాల్లో తీరే పని, అయిదేళ్ల తర్వాత ఏజెంట్ల చేతుల్లో వేల రూపాయలు మింగుతుంది. "పేరు మార్పించి ఇస్తాం" అని చెప్పి నకిలీ ముద్రలు వేసి ఇచ్చే దళారులను దగ్గరికి రానీయకండి. ఆ ముద్ర పట్టుబడిన రోజు జైలుకు వెళ్లేది దళారి కాదు, మీరు.

నాలుగవది మస్జిదు కమిటీలకు. రంజాన్ ఇఫ్తార్‌కు, జల్సాలకు చందాలు వసూలు చేస్తాం. మంచిదే. నెలకు ఒక్క శుక్రవారం జుమా తర్వాత ఒక గంట చదువుకున్న యువకులు నలుగురు మస్జిదు వసారాలో కూర్చుని, వచ్చినవారి కాగితాలు పోల్చి చూసి, ఎక్కడ తేడా ఉందో చెప్పగలిగితే ఎన్ని కుటుంబాలకు మేలు జరుగుతుంది! బఖరా సూరాలో అప్పుల లావాదేవీల గురించి వచ్చిన సుదీర్ఘమైన ఆయత్ ఒప్పందాన్ని రాసిపెట్టుకోమంటుంది. రాయగలిగినవాడు రాయడానికి నిరాకరించరాదని, న్యాయంగా రాయాలని కూడా అంటుంది. చదువు వచ్చినవారికి అది అల్లాహ్ అప్పగించిన బాధ్యత. పది రూపాయల అప్పు విషయంలోనే అంత జాగ్రత్త అవసరమైతే, ఒక బిడ్డ వంశం విషయంలో ఎంత జాగ్రత్త అవసరం?

మళ్లీ మస్జిదు మెట్ల దగ్గరికి వద్దాం. ఆ పెద్దాయన చేతిలోని కాగితంలో ఉన్నది ఆయన కొడుకు పేరు. ఆ కొడుకు బుడ్డల చేను ఎండిన ఏడు ఇల్లు విడిచి, ఎడారిలో బండి తోలుతూ, నెలనెలా డబ్బు పంపి ఇంటి అప్పు తీర్చినవాడు. తన బిడ్డ కాగితంలో తన పేరు సరిగా ఉండాలని కోరుకోవడం అతని హక్కు. ఫలానావాని కొడుకునని నిటారుగా నిలబడి చెప్పుకోవడం ఆ బిడ్డ హక్కు. ఈ శుక్రవారం ఇంటికి వెళ్లాక ట్రంకు పెట్టె తెరిచి మన పిల్లల కాగితాలన్నీ ఒకసారి బయటికి తీద్దాం. పేరు పక్కన పేరు పెట్టి చూద్దాం. తేడా కనిపిస్తే రేపటికి వాయిదా వేయకుండా దిద్దుకునే ప్రయత్నం మొదలుపెడదాం. సత్యాన్ని సత్యంగా రాసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.